నేను దీవించలేదు

మూడో తేదీ, మంగళవారం

రాయి అమ్మాయ్. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో సొంత తెలివి కలపకు. నాకు అక్షరం ముక్క రాకపోవచ్చు, నువ్వు తిరిగి చదివితే వినడానికి చెవులున్నాయి.

నేను ఆ మేయరును దీవించలేదు. ముందు ఈ మాట రాయి. కింద గీత గియ్యి. ఇంకో గీత.

ఇది ఎవరికో చూపించడానికి కాదు. ఊరి నోటికి మూత పెట్టగలిగినవాడు ఇంకా పుట్టలేదు. కానీ పదిమంది ఒకే మాట పదేపదే అంటుంటే మన కళ్ళను మనమే నమ్మం. రేపు నాకే మతి చెడి, నిజంగానే దీవించానేమో అనిపిస్తే, నా కోడలివి, నువ్వే ఇది చదివి నాకు గుర్తు చేయాలి. అందుకు రాయిస్తున్నాను.

జరిగింది ఇది. మార్కెట్లో పెద్ద మెట్ల కింద నా కొట్టు. సంచులకు, పెట్టెలకు జిప్పులు వేస్తాను, తెగిన పట్టీలు కుడతాను. మెట్ల కింద కాబట్టి కప్పు ఏటవాలు. గుమ్మంలో నిలబడినవాడికి ఏ భయమూ లేదు. ఒక్క అడుగు లోపలికి వేశాడా, రాతిమెట్టు అంచు సరిగ్గా నుదుటికి తగులుతుంది. మా ఆయన బతికున్నన్నాళ్ళూ వారానికి ఒకసారైనా కొట్టుకునేవాడు. అందుకని ఎవరు లోపలికి వచ్చినా నా కుడిచెయ్యి దానంతట అదే లేచి వాళ్ళ నెత్తిమీద పడి కిందికి నొక్కుతుంది. ముసలివాళ్ళనీ నొక్కాను, కాలేజీ పిల్లల్నీ నొక్కాను, పోలీసాయన్నీ నొక్కాను. ఎవరూ దాన్ని దీవెన అనలేదు.

పోయిన ఎన్నికల్లో ఈయన ఓట్లకు తిరుగుతూ వచ్చాడు. చేతిసంచి జిప్పు పట్టేసింది. లోపలికి అడుగు వేశాడు. నా చెయ్యి లేచింది. బయట ఫొటోలవాడు నొక్కాడు. నాలుగు రోజులకు ఊరి గోడలన్నిటి మీదా నా ముఖం, నా చెయ్యి, దాని కింద ఆయన తల. ఆయన కళ్ళు మూసుకున్నది భక్తితో కాదు, మెట్టును చూసిన భయంతో. కింద ఇంతింత అక్షరాలు. ఏమిటవి అని అడిగితే ఎదురు కొట్టు గడియారాల మరిది చదివి పెట్టాడు: "ఈ నగరం తల్లి దీవెన."

ఆయనకూ నాకూ ఉన్న చుట్టరికం ఒక జిప్పు. అదీ కొత్తది వేయలేదు, మైనం రాసి లాగానంతే.

నాలుగో తేదీ, బుధవారం

ఈరోజు కూడా కుళాయిలో ఎర్రనీళ్ళే. బిందె అడుగున వేలు పెట్టి చూస్తే వేలికి తుప్పు.

ఊళ్ళో కొత్త పైపులు వేయించానని ఆయన రిబ్బను కత్తిరించి ఏడాది కూడా కాలేదు. ఆ పైపులు అమ్మినవాడు ఆయన బామ్మర్దే అని మొదట బయటపడింది. అప్పుడు జనం గొణిగి ఊరుకున్నారు. పదవిలో ఉన్నవాడికి బామ్మర్దులు ఉండకుండా ఎలా ఉంటారని. తరవాత పైపుల సంగతి చూసి రావడానికంటూ కుటుంబంతో విమానమెక్కి, సముద్రం ఒడ్డున చల్లటి గ్లాసులు పట్టుకున్న ఫొటోలు వచ్చాయి. అప్పుడు జనం నవ్వారు. ఇప్పుడు పోయిన వారం ఆయన ఫోనులో ఎవరితోనో అన్న మాట బయటికి వచ్చింది. "నీళ్ళు ఎర్రగా వస్తే ఏం పోయిందిరా, వాళ్ళకు టీపొడి ఖర్చు కలిసొస్తుంది."

ఈసారి ఎవరూ గొణగలేదు, నవ్వలేదు.

దొంగతనాన్నయినా ఓర్చుకుంటారు గానీ ఎగతాళిని ఓర్చుకోరు. బిందెల అడుగు బురద తీసుకెళ్ళి ఊళ్ళో ఉన్న ఆయన పోస్టర్లన్నిటికీ పులిమారు. ఆయన ముఖానికి పులమడం న్యాయమే. పులిమే చెయ్యి అక్కడితో ఆగుతుందా? పక్కనే నా ముఖం ఉంది.

ఆరో తేదీ, శుక్రవారం

బేరాలు లేవు. వాన వల్ల కావచ్చు.

(వాన పడలేదని అంటోంది నా కోడలు. పడేలా ఉంది కదా, అదే.)

ఎనిమిదో తేదీ, ఆదివారం

ఇంట్లో రభస. నా కొడుకు సిటీ బస్సు నడుపుతాడు. వాడికి మొదటినుంచీ మేయరంటే అభిమానం. బస్సు డిపోకు కప్పు వేయించింది ఆయనేనట.

"అమ్మా, అందరూ అంటున్నారని మనమూ అనాలా? ఆయన చేసిన మంచి కూడా చెప్పుకోవాలి."

"చెప్పుకో. ముందు ఈ గ్లాసు నీళ్ళు తాగి చెప్పుకో" అన్నాను.

తాగలేదు. "బస్సులో కూడా ఇదే గోల. ఎక్కినవాడల్లా తిట్టేది ఆయన్నే, నేనేదో ఆయన బామ్మర్దినైనట్టు నా వంక చూసి మరీ తిడతారు" అన్నాడు. పాపం, వాడికి తెలుసు. అభిమానించిన మనిషి సిగ్గులేనివాడని తేలితే, ఆయన పడాల్సిన సిగ్గు కూడా అభిమానించినవాడే పడాలి.

నేను ఆ పోస్టరు వంక ఏనాడూ కన్నెత్తి చూడలేదు అన్నాను. దానికి నా కోడలు లేచి వెళ్ళి, బీరువా కింది అర లాగి, చీరల కింద పరిచిన కాగితం చూపించింది. నేనూ, ఆయనా, మడత పడకుండా.

అది మందపాటి కాగితం. చెమ్మ పట్టకుండా వేశాను. ఊళ్ళో మందపాటి కాగితం ఎక్కడ దొరికితే అక్కడే కదా తెచ్చుకుంటాం.

నవ్వకు. రాయి.

పదో తేదీ, మంగళవారం

మార్కెట్ సెలవే, బేరాలు లేక నేను కొట్టు తీసి కూర్చుంటే మైకు వచ్చాడు. మార్కెట్ దుకాణాల సంఘానికి అధ్యక్షుడు, పాత్రల కొట్టాయన. చేతిలో మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడతాడు కాబట్టి అందరమూ మైకు అనే పిలుస్తాం.

లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు. నా చెయ్యి ఒళ్ళోనే ఉంది.

"పెద్దమ్మా, వచ్చే మంగళవారం మార్కెట్ సెలవు రోజున మీటింగు పెట్టాం. మేయరు మనుషులకు ఈ మార్కెట్లో చోటు లేదని తీర్మానం చేయబోతున్నాం. జనం కోపంగా ఉన్నారు. నీ కొట్టు చూసి మెట్ల దగ్గర ఉమ్మేసి పోతున్నారు. మిగతా కొట్లకు కూడా దెబ్బ."

"నేను మేయరు మనిషిని ఎప్పుడయ్యానయ్యా?"

"ఊరంతా గోడల మీద చూస్తూనే ఉంది కదా పెద్దమ్మా."

"ఆయన గెలిచిన రోజు మార్కెట్టంతా మిఠాయి పంచింది ఎవరు? నేనా, నువ్వా?"

"అది సంఘం తరఫున" అన్నాడు.

"నా చెయ్యి మాత్రం సంఘానికి చెందదా? నువ్వు మొదటిసారి వచ్చినప్పుడు నీ నెత్తిన కూడా పెట్టాను. అందుకే నువ్వు అధ్యక్షుడివయ్యావేమో కనుక్కో."

వెళ్ళిపోయాడు. నేను గట్టిగానే మాట్లాడాను. కానీ ఒక సంగతి రాయి. నా కొడుకు ఉయ్యాల ఆ మెట్ల అడుగున కొక్కేనికే వేలాడింది. మా ఆయన పోయిన మూడో వారం అక్కడే కూర్చుని మొదటి జిప్పు నేనొక్కదాన్నే వేశాను. నా నడుము ఆ కప్పు వంపుకే వంగింది. ఇప్పుడు నన్ను లేపి ఎత్తయిన గదిలో కూర్చోబెట్టినా నిటారుగా కూర్చోలేను. నా కొట్టు తీసేస్తే నేను ఎక్కడికి పోవాలి?

ఆ చివరి మాట కొట్టెయ్యి. కొట్టేశావా? సరే.

పదకొండో తేదీ, బుధవారం

ఒక్క జిప్పు కూడా రాలేదు.

పన్నెండో తేదీ, గురువారం

ఒక మనిషి వచ్చాడు. తెల్లచొక్కా, సెంటు వాసన. మేయరు ఆఫీసట. గుమ్మంలో నిలబడి లోపలంతా కొలిచినట్టు చూశాడు.

"సోమవారం సారు మార్కెట్టుకు వస్తున్నారమ్మా. మీ దగ్గరికే. ఏమీ లేదు, అప్పటిలాగే తల మీద చెయ్యి పెట్టండి చాలు. టీవీలవాళ్ళు వస్తారు. ఊరికి ఇప్పుడు అలాంటి మంచి దృశ్యం ఒకటి అవసరం."

"ఊరికా, సారుకా?"

నవ్వాడు. "ముందు వరసలో మూల కొట్టు ఖాళీగా ఉంది. ఎత్తయిన కొట్టు. రెండు ఫ్యాన్లు. సారు తలుచుకుంటే ఎంతసేపు?" అని, కాస్త ఆగి, "తలుచుకోకపోయినా ఎంతోసేపు పట్టదు. ఈ మెట్ల కింద కొట్టు ఉండకూడదని రూలు ఉంది కదా" అన్నాడు.

చూద్దాం అన్నాను.

పదమూడో తేదీ, శుక్రవారం

చూద్దాం అంటే ఒప్పుకున్నట్టా? ఏ భాషలో? కూరగాయలవాడితో రోజూ చూద్దాం అంటాను, కొంటున్నానా? పెళ్ళిళ్ళ పేరయ్యతో మా ఆయన మేనత్త ఇరవయ్యేళ్ళు చూద్దాం అనే అంది.

కానీ మార్కెట్లో పాకిపోయింది. గడియారాల మరిది వచ్చాడు. ఆయన నిజంగా మరిది కాదు, మా ఆయనను అన్నా అని పిలిచేవాడు, అలా వదినా మరుదులమయ్యాం. ఎదురు కొట్టు. రోజూ మధ్యాహ్నం టీ గ్లాసు పట్టుకుని వచ్చి నా స్టూలు మీద కూర్చునేవాడు. పది రోజులుగా ఆయన టీ అక్కడే తాగుతున్నాడు, నా టీ ఇక్కడే తాగుతున్నాను.

"ముందు వరసలో కొట్టంటగా వదినా. రెండు ఫ్యాన్లంట. ఒకటి నీకు, ఒకటి మేయరుకా?"

"నీ నోట్లో గడియారం ముల్లు దిగ. ఎవడు చెప్పాడు?"

"చెప్పక్కర్లేదు. పోస్టరు వేసిన కొత్తలో వచ్చినవాడికల్లా వేలు పెట్టి చూపించలేదా? అదిగో నేనే అని?"

"అది దారి చెప్పడం! ఎదురుగా పోస్టరు ఉన్న కొట్టు అని దారి చెప్పాను."

"కొట్టు లోపలికి వచ్చేసినవాడికి కూడా దారి చెప్పావు వదినా."

టీ గ్లాసు విసిరాను. ఖాళీదే. తగలలేదు. తగలాలని విసరలేదు కూడా.

పద్నాలుగో తేదీ, శనివారం

ఈరోజు రాయొద్దు.

పదిహేనో తేదీ, ఆదివారం

రేపే.

పొద్దుటినుంచీ ఆలోచించాను. చెయ్యి పెడితే మంగళవారం మార్కెట్టు నన్ను గెంటుతుంది. పెట్టకపోతే ఆ తెల్లచొక్కా గెంటుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో నా ముక్కాలి పీట. అలాంటప్పుడు ఎవరి మాటా వినకుండా నాకు తోచింది చేయడం సుఖం. నాకు తోచింది ఏమిటంటే, రేపు నా చెయ్యి నా ఒళ్ళోనే ఉంటుంది.

నా కోడలు ఒక మాట అంది. "మరి ఆయన తల తగిలితే అత్తయ్యా?"

"వంచుకోమందాం. కళ్ళున్నాయిగా."

"మీ చెయ్యి ఆగుతుందా అని."

ఆగదా? నా చెయ్యి. పరీక్ష పెట్టుకున్నాం. వంటింటి గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి, ఈవల నేను పీట మీద కూర్చుని, నా కొడుకును లోపలికి రమ్మన్నాం. వచ్చాడు. చెయ్యి లేచింది. మళ్ళీ బయటికి పంపాం. వచ్చాడు. లేచింది. రెండు చేతులూ పట్టుకుని కూర్చున్నాను, రెండూ కలిసి లేచాయి. వాడు ఆదివారం సెలవంతా లోపలికీ బయటికీ తిరిగి, "అమ్మా, నేను రోజంతా బస్సు నడిపినా ఇంత అలిసిపోను" అన్నాడు. నా కోడలు గోడకు చేరబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఈ ఇంట్లో ముగ్గురమూ ఒకేసారి నవ్వి ఎన్నాళ్ళయిందో.

నా చెయ్యి నా మాట వినదని తెలిసింది. చూద్దాం.

పదహారో తేదీ, సోమవారం

నెమ్మదిగా రాయి, అంతా రావాలి.

పొద్దున్నే మార్కెట్టు ఊడ్చారు. మెట్ల మీద ఉమ్ములు కడిగారు, ఆ ఎర్రనీళ్ళతోనే. జనం మూగారు. కొట్లవాళ్ళంతా మెట్ల మీద వరసగా కూర్చున్నారు, అందరికంటే పైన మైకు, కింది మెట్టు మీద గడియారాల మరిది. ఎవరూ కేకలు వేయలేదు.

ఆయన వచ్చాడు. టీవీలో కంటే పొట్టి. గడ్డం ఒకవైపు సరిగ్గా గీసుకోలేదు. మనిషి నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అనిపించింది. గుమ్మంలోకి రాగానే నవ్వు తగిలించుకున్నాడు.

"అమ్మా, బాగున్నావా?"

"నీళ్ళు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి నాయనా."

వెనక కెమెరాలు. ఆయన కొంచెం వంగి, పోస్టర్లో ఉన్నట్టే కళ్ళు మూసుకుని ఆగాడు. ఆగాడు. ఇంకా ఆగాడు. ఒక కన్ను తెరిచి చూశాడు.

నా కుడిచెయ్యి ఒక పెద్ద ప్రయాణం సంచిలో మోచేతి దాకా ఉంది. లోపల గుడ్డ ఎక్కడో చిరిగిందని వెతుకుతున్నాను. ఎడమచేత్తో ఆ సంచి నోరు బిగించి పట్టుకున్నాను. సరిగ్గా ఆయన వచ్చే వేళకు ఆ పని పడింది, నేనేం చేయను?

(ఆ సంచికి చిరుగు లేదు అత్తయ్యా అంటోంది. వెతికితే కదా తెలిసేది.)

"సార్, ఇంకొంచెం లోపలికి" అన్నాడు కెమెరావాడు. సంచిలో నా చెయ్యి లేచింది, నిజం చెబుతున్నాను, సంచితో సహా ఎగిరింది. "మెట్టు, నాయనా" అని కూడా అన్నాను. వినపడలేదేమో. తల ఎత్తి, నవ్వుతూ, అడుగు వేశాడు.

ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. మా ఆయన నెత్తి ఏళ్ళ తరబడి చేసిన చప్పుడు.

తెల్లచొక్కా చటుక్కున షట్టరు కిందికి లాగేశాడు, కెమెరాలకు కనపడకుండా. లోపల ఆయనా, నేనూ, బల్బూ మిగిలాం. ఆయన నుదురు పట్టుకుని నా స్టూలు మీద కూలబడ్డాడు. బొప్పి కట్టింది.

"చెయ్యి పెట్టలేదేం అమ్మా?"

"పనిలో ఉంది."

"అప్పుడు పెట్టావు."

"అప్పుడు పెట్టింది దీవెన కాదు నాయనా. ఈ మెట్టు తగలకుండా వంచాను. వచ్చిన ప్రతివాడినీ వంచుతాను. మొన్నొకాయన కుక్కపిల్లను ఎత్తుకుని వస్తే దాన్ని కూడా వంచాను."

ఆయన తల వెనక్కి వాల్చి ఆ రాతి అంచు వంక చాలాసేపు చూశాడు.

"నిజమా?"

"ఒట్టు."

"ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను. ఎవరో ముక్కూముఖం తెలియని పెద్దామె, నేనేమీ అడక్కుండానే నెత్తిన చెయ్యి పెట్టింది, ఇక నాకు తిరుగు లేదు అని. గెలిచిన రోజు కూడా అదే అనుకున్నాను."

ఇది కూడా రాయి. మెట్టుకు భయపడి కళ్ళు మూసుకున్నాడని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను. ఆయన నిజంగానే దీవెన కోసం కళ్ళు మూసుకున్నాడు.

"మరి అంత నమ్మినవాడివి, టీపొడి మాట ఎందుకన్నావు?" అన్నాను.

"నోరు జారింది."

"నోరు జారదు నాయనా. నోట్లో ఉన్నదే జారుతుంది."

తల దించుకున్నాడు. ఎవరూ వంచకుండానే. ఏం చేస్తాం, ఎదురుగా బొప్పితో ఉన్న మనిషి. గుడ్డ తీసి, మూలన ఉన్న చెంబులో ముంచి, నుదుటి మీద వేశాను. ఉదయం పట్టిన చెంబు, అడుగున తుప్పు పేరుకుని ఉంది. నీళ్ళు ఆయన ముక్కు మీదుగా కారి ఆయన చొక్కా మీద పడ్డాయి. వేలితో తుడుచుకుని చూసుకుని గాభరాపడ్డాడు.

"రక్తమా?"

"కాదు నాయనా. మీ బామ్మర్ది."

పైన భళ్ళున నవ్వారు. ఆ మెట్ల సందులు ఎవరు మూయగలరు? మార్కెట్టంతా మా నెత్తిమీదే కూర్చుని మొదటినుంచీ ఒక్క ముక్క పోకుండా విన్నారు. మెట్ల మీద ఆడా మగా పడీపడీ నవ్వుతుంటే నా కప్పు నుంచి సున్నం రాలింది. ఆయన పైకి చూశాడు. ఒక్క క్షణం ఆయన పెదవి కూడా వణికింది. నవ్వే అనుకుంటాను, ఏడుపని ఎవరైనా అంటే వాదించను.

లేచాడు. ఈసారి వంగి జాగ్రత్తగా షట్టరు ఎత్తుకుని బయటికి వెళ్ళాడు. నుదుటినుంచి ముక్కు దాకా ఎర్రటి చార. కెమెరాలన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. "రక్తం, రక్తం, ముసలామె కొట్టింది" అని ఎవడో అరవబోయాడు. మెట్ల మీద నుంచి గడియారాల మరిది లేచి, ఆ ఎండుకొమ్మ లాంటి గొంతుతో అన్నాడు:

"బాబూ కెమెరా! అది రక్తం కాదు. మా కుళాయి!"

పదిహేడో తేదీ, మంగళవారం

మీటింగు జరిగింది. మైకు ఈసారి నిజంగా మైకు పట్టుకున్నాడు. మన పెద్దమ్మ వెనక సంఘం మొదటి రోజు నుంచీ కొండలా నిలబడిందని చెప్పాడు. కొండ ఎటువైపు నిలబడిందో నేను అడగలేదు. తీర్మానం సంగతి ఎవరూ ఎత్తలేదు. కొట్టు నాదే.

కొట్టు నాదే. ఇంకోసారి రాయి.

గడియారాల మరిది టీ పట్టుకుని వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు. టీ అయ్యాక "వదినా, నీకు మొదటినుంచీ ఆయనంటే పడదు కదా" అన్నాడు. "మొదటినుంచీ" అన్నాను. ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా గ్లాసులు కింద పెట్టాం.

పంతొమ్మిదో తేదీ, గురువారం

రాజీనామా చేశాడు.

మూడు రోజులుగా ఊరంతా ఆయన బొప్పే. టీవీలో చూపించినదే చూపించారు. బస్సులో ఎక్కేవాళ్ళు నుదురు తట్టుకుని ఒకరికొకరు చూపించుకుంటున్నారట. గోడల మీద ఆయన బొమ్మ వేసి నుదుట గుండ్రం చుట్టారు, కొందరు దానికి కుళాయి కూడా తగిలించారు. సొంత సభ్యులే అవిశ్వాసం పెడతామన్నారు. తిట్టినన్నాళ్ళు ఆయన కుర్చీ కదల్లేదు. నవ్వడం మొదలుపెట్టాక నాలుగు రోజులు పట్టలేదు.

నా కొడుకు డ్యూటీ నుంచి వచ్చి చెప్పాడు. రేడియోలో వార్త రాగానే బస్సులో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదట. ఒక పెద్దాయన మాత్రం "హమ్మయ్య" అని కాళ్ళు చాపుకున్నాడట. బస్సంతా అలాగే కాళ్ళు చాపుకున్నట్టు అనిపించిందట.

"నీకు బాధగా ఉందా?" అని అడిగాను.

చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ ఆలోచించాడు. "లేదమ్మా. రోజూ పొద్దున్నే లేచి ఆయన తరఫున సిగ్గుపడే పని ఒకటి తప్పింది. తేలిగ్గా ఉంది" అన్నాడు. రెండు పూటల అన్నం ఒక్క పూటలో తిన్నాడు.

నాకూ తేలిగ్గానే ఉంది. పన్ను పీకించుకున్నాక నాలుక మాటిమాటికీ అక్కడికే పోతుంది చూడు, అలా ఉంది. ఆయన నుదుటి మీద గుడ్డ వేసింది గుర్తొస్తోంది. వేయడం తప్పు కాదు. చెయ్యి పెట్టకపోవడమూ తప్పు కాదు. రెండూ రాయి, పక్కపక్కనే.

ఇరవై రెండో తేదీ, ఆదివారం

నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మేయరు పోయాడు గానీ పైపులు పోలేదు కదా. కానీ ఇవాళ వీధి చివర తవ్వడం మొదలుపెట్టారు. తవ్వి తీసిన పైపు ముక్క ఒకటి గట్టున పడేస్తే జనం వెళ్ళి వెళ్ళి చూసి వస్తున్నారు. నేనూ వెళ్ళి వేలితో పొడిచి వచ్చాను. అప్పడంలా విరిగింది.

మధ్యాహ్నం ఇంటికి ఇంకో తెల్లచొక్కా. కొత్తగా మేయరు కుర్చీలో కూర్చున్న ఆవిడ తరఫున. "మేడమ్ మిమ్మల్ని కలవాలనుకుంటున్నారు. మీరంటే ఊరికి ఇప్పుడు చాలా నమ్మకం. ఒక్క ఫొటో..."

"రమ్మను బాబూ. తెగిన సంచి పట్టుకుని రమ్మను. ఫొటోలవాణ్ణి మాత్రం తవ్వే చోటికి పంపించు, అక్కడ తీయడానికి చాలా ఉంది."

వెళ్ళేటప్పుడు నా కోడలు వాడికి మంచినీళ్ళు ఇచ్చింది. కుళాయివి. గ్లాసు వంక చూసి, మా వంక చూసి, దాహం లేదన్నాడు. ఈ పిల్ల నా కోడలు అనిపించుకుంది.

ఇరవై నాలుగో తేదీ, మంగళవారం

మార్కెట్ సెలవు. అయినా తలుపు తీయాల్సి వచ్చింది. నిన్న ఒక్కరోజే ఎన్ని సంచులు వచ్చాయో చూశావా? ఈ మూడు వారాలూ జనం జిప్పులు తెగిన సంచుల్ని పిన్నీసులు పెట్టుకుని మోశారట, నా దగ్గరికి రావడానికి ముఖం చెల్లక కొందరు, కోపంతో కొందరు. ఒకావిడ వేరేచోట కుట్టించుకుంది. ఆ కుట్టు చూస్తే నాకే ఏడుపొచ్చింది. అంతా విప్పేసి మళ్ళీ కుట్టాను. ఇంకొకాయన వస్తూనే "క్షమించు మామ్మా, నీ పోస్టరు మీద బురద పూసింది నేనే" అన్నాడు. "సరిగ్గా పూశావా, సగం సగం పూశావా?" అన్నాను. "సరిగ్గానే పూశాను" అన్నాడు. పని శుభ్రంగా చేసేవాడంటే నాకు ఇష్టం. ముందు అతని సంచే కుట్టిచ్చాను.

ఇంకా గుట్ట అలాగే ఉంది. నేను కూర్చునే చోటు కూడా సంచులే. సాయంత్రానికి ఇస్తానని నలుగురికి మాట ఇచ్చాను.

రాసింది చాలు. నువ్వు ఆ పెన్ను పక్కన పడేసి ఇలా రా. వంగు, నీకు వేరే చెప్పాలా. ఆ దారం చివర పట్టుకో, మైనం పట్టించాలి. గట్టిగా లాగు.